చొక్కా మీద చెక్స్, బ్యాంకులో చెక్కు: రెండూ ఒకే మాటా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: చదరంగంలో రాజుకు చెక్, బ్యాంకులో చెక్కు, చొక్కా మీద చెక్స్, రైల్లో టికెట్ చెకింగ్, డాక్టర్ దగ్గర చెకప్, పేపర్లో 'అవినీతికి చెక్'. ఇవన్నీ ఏదో కాకతాళీయంగా ఒకేలా వినిపిస్తున్న వేరు వేరు మాటలా, లేక ఒకే మాటా? ఒకే మాటైతే బ్యాంకు చెక్కుకి మాత్రం ఇంగ్లీషులో ఆ వింత స్పెల్లింగ్ ఎందుకు? మధ్యలో ఈ చెక్ రిపబ్లిక్ ఎవరు?

చెక్ రిపబ్లిక్‌ని కాసేపు బయట కూర్చోబెడితే మిగతావన్నీ ఒకే మాట. వాటన్నిటికీ మూలపురుషుడు ఒక పారశీక రాజు. పారశీకంలో రాజుని షా అంటారు. ఆ షాయే దేశాలు తిరిగి, నోళ్ళు మారి, చివరికి మీ చొక్కా మీదికి ఎక్కాడు. మన పాదుషాలో ఉన్న షా కూడా ఆయనే.

నేను ఇరవయ్యేళ్ళకు పైగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఇంత చిన్న మాట నన్ను ఇన్నిసార్లు బోల్తా కొట్టించడం ఇంకెక్కడా జరగలేదు. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందుగా, ఒకేలా వినిపించే రెండు మాటలు ఒకటేనా కాదా అని ఎలా తేలుస్తారో చూద్దాం. మన భాషలోనే మంచి ఉదాహరణ ఉంది. శిల్పి రాయిని చెక్కుతాడు. ఖాతాదారు చెక్కు రాస్తాడు. మొదటిది అచ్చ తెలుగు క్రియ, రెండోది ఇంగ్లీషు నుంచి వచ్చి చివర ఉకారం తగిలించుకున్న నామవాచకం. వీటి మధ్య ఏ చుట్టరికమూ లేదు. 'పూర్వం అప్పుల లెక్కలు చెక్క మీద చెక్కేవాళ్ళు, అందుకే చెక్కు' అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మబుద్ధవుతుంది. పదాల పుట్టుక గురించి జనంలో తిరిగే కథల్లో సగం ఇలాంటివే. వినడానికి అందంగా ఉంటాయి, అంతకు మించి ఏమీ ఉండదు.

ఇంగ్లీషులో ఈ రకానికి సౌండ్ అనే మాటను మించింది లేదు. సౌండ్ తగ్గించమన్నప్పటి సౌండ్ లాటిన్ 'సోనుస్' నుంచి వచ్చింది. చివరి డ-కారం మొదట్లో లేదు, తర్వాత ఇంగ్లీషువాళ్ళ నోట్లో అతుక్కుంది. గాఢంగా నిద్రపోవడాన్ని సౌండ్ స్లీప్ అంటారే, ఆ సౌండ్‌కి చప్పుడుతో పనిలేదు. అది పాత ఇంగ్లీషు మాట, 'ఆరోగ్యంగా, దృఢంగా' అని అర్థం. ఎవరైనా తుమ్మితే జర్మన్లు 'గెజుంట్‌హైట్' అంటారు, అందులో ఉన్నది ఈ మాటే. మనవాళ్ళు డబ్బున్నవాణ్ణి సౌండ్ పార్టీ అంటారు చూడండి, అదీ ఇదే, ఆర్థికంగా దిట్టమైనవాడని. సముద్రం లోతు కొలవడాన్నీ సౌండ్ అంటారు, అది ఫ్రెంచి 'సోండే' నుంచి వచ్చింది. రెండు తీరాల మధ్య ఇరుకైన సముద్రాన్నీ సౌండే అంటారు, అది ఉత్తర యూరప్ నార్స్ భాషలోని 'సుండ్'. డెన్మార్క్, స్వీడన్‌ల మధ్య ఓరెసుండ్ పేరులో ఇప్పటికీ అలాగే ఉంది. నాలుగు ఊళ్ళ నుంచి వచ్చిన నలుగురు మనుషులు ఒకే పేరుతో ఒకే ఇంట్లో అద్దెకుంటున్నట్టు. మంచి నిఘంటువు ఇలాంటివాటిని 1, 2, 3, 4 అని అంకెలు వేసి వేరు వేరు పదాలుగా ఇస్తుంది. అర్థాలన్నీ ఒకే మాట నుంచి కొమ్మలేస్తే, ఒకే పదం కింద వరసగా ఇస్తుంది.

చెక్ రెండో రకం. అన్ని కొమ్మలనీ పట్టుకుని కిందికి వస్తే ఒకే మొదలు దగ్గరికి చేరతాం.

ఆ మొదలు ఇంకా లోతుకి పోతుంది. పాత పారశీకంలో రాజుని 'క్షాయథియ' అనేవాళ్ళు. డేరియస్ చక్రవర్తి ఇరాన్‌లోని బెహిస్తున్ కొండ మీద చెక్కించిన శాసనంలో తనని తాను రాజులకు రాజుగా చెప్పుకున్నది ఈ మాటతోనే. కాలం గడిచి అది షా అయింది, రాజాధిరాజు షాహన్‌షా అయ్యాడు. ఆ క్షాయథియలోని క్ష మీకు ఎక్కడో విన్నట్టు అనిపిస్తే పొరపాటేమీ కాదు. 'ఏలడం' అనే అర్థమున్న ఆ ధాతువు సంస్కృతంలోనూ ఉంది. క్షత్రం, క్షత్రియుడు అందులోంచి వచ్చినవే. అంటే సూపర్‌మార్కెట్‌లో బిల్లు కట్టే చెకౌట్ కౌంటరూ, క్షత్రియుడనే మాటా దూరపు దాయాదులు. మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఆ పూట పని సాగలేదు.

ఇక ఆట సంగతి. చతురంగం ఇక్కడ పుట్టింది. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం, ఈ నాలుగు అంగాల సైన్యం పేరే ఆట పేరు. అది పారశీకానికి వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల దగ్గర షత్రంజ్ అయింది, వాళ్ళ ద్వారా యూరప్ చేరింది. పదో శతాబ్దం చివరి నాటికి స్విట్జర్లాండ్‌లోని ఐన్‌సీడెల్న్ మఠంలో ఈ ఆట మీద లాటిన్‌లో పద్యం రాసి పెట్టుకున్నారు. స్పెయిన్‌వాళ్ళు ఆటని అరబ్బుల నుంచి నేరుగా నేర్చుకున్నారు కాబట్టి వాళ్ళు దాన్ని 'అహెద్రెత్' అంటారు. ఆ గజిబిజి లోపల మన చతురంగమే ఉంది. మిగతా యూరప్‌లో చాలా భాగం మాత్రం ఆట పేరుని వదిలేసి, ఆటలో ఆటగాళ్ళు అరిచే మాటని పట్టుకుంది.

ఆ అరుపే 'షా!' ఎదుటివాడి రాజు మీదికి దాడి వెళ్ళినప్పుడు 'రాజు! చూసుకో' అని హెచ్చరించడం మర్యాద. లాటిన్‌వాళ్ళకి ష అనే ధ్వని లేదు. 'స్క' అని సర్దుకున్నారు. షా కాస్తా 'స్కాకుస్' అయింది. పాత ఫ్రెంచిలో 'ఎస్చెక్' అయింది. 1066 తర్వాత ఇంగ్లండ్‌ని ఏలిన నార్మన్లది ఫ్రెంచి. వాళ్ళ మాట ఇంగ్లీషు నోట్లో పడి ముందరి ఎస్ రాలిపోయి, చెక్ మిగిలింది. ఆ ఫ్రెంచి మాటకి బహువచనం 'ఎస్చెస్', అది ఇంగ్లీషులో చెస్ అయింది. అంటే చెస్ అన్నా చెక్కే, కాకపోతే బహువచనం. చెస్‌లో చెక్ చెప్పడమంటే 'రాజులాట'లో 'రాజు' అనడమే.

చెక్‌మేట్ గురించి ఒక మాట. 'షా మాత్' అంటే 'రాజు చచ్చాడు' అని చాలా చోట్ల చదివి ఉంటారు. అరబ్బీలో 'మాత' అంటే చచ్చాడని అర్థం కాబట్టి ఆ వివరణ వచ్చింది. కానీ పారశీకంలో 'మాత్' అంటే దిక్కుతోచని, నిస్సహాయుడైన అని. పండితుల్లో ఎక్కువమంది దీనివైపే మొగ్గుతారు, నేనూ అంతే. ఆట తీరు చూసినా ఇదే సబబు. చదరంగంలో రాజుని చంపడం ఉండదు. అన్ని పావుల్నీ చంపుతాం, రాజుని మాత్రం కదలకుండా కట్టేసి వదిలేస్తాం. మన 'ఆటకట్టు' అనే మాట ఈ విషయంలో ఇంగ్లీషు మాట కంటే నిక్కచ్చిగా ఉంది.

ఇక్కడి నుంచి కథ రెండు పాయలుగా చీలుతుంది. ఒకటి ఆ అరుపు నుంచి, ఇంకొకటి ఆ గళ్ళ బల్ల నుంచి.

అరుపు పాయని ముందు చూద్దాం. ఆట ఆడేవాళ్ళకి ఇది ఒంట్లో తెలుస్తుంది. ఎంతో ముందుచూపుతో ఎత్తులు వేసుకుంటూ ఉంటారు. గుర్రాన్ని ఇటు తేవాలి, ఏనుగుకి దారి తెరవాలి అని. ఎదుటివాడు చెక్ అన్నాడంటే అవన్నీ ఆగిపోవాల్సిందే. ఇంకో పావు ముట్టుకునే ముందు ఆ దాడికి జవాబు చెప్పి తీరాలి. అందుకే 14వ శతాబ్దం నాటికే చెక్ అంటే 'దూకుడుకి అడ్డు, హఠాత్తుగా ఆపడం' అనే అర్థం స్థిరపడింది. గుర్రం తల వంచకుండా పట్టి ఉంచే కళ్ళాన్ని చెక్ రెయిన్ అన్నారు. ఐస్ హాకీలో ఒంటితో గుద్ది ఎదుటి ఆటగాణ్ణి ఆపడాన్ని ఇప్పటికీ చెక్ అనే అంటారు. ఒక అధికార వ్యవస్థ ఇంకోదాన్ని హద్దులో ఉంచడాన్ని చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ అంటారు. మన పత్రికల 'అవినీతికి చెక్', 'ప్రత్యర్థికి చెక్ పెట్టాడు' ఈ కొమ్మ మీదివే. నిజానికి తెలుగు శీర్షికల్లో ఈ మాట ఇంగ్లీషులో కంటే పాత వాసనతో బతుకుతోంది. ఇప్పటి ఇంగ్లీషులో చెక్ అనగానే ముందు 'సరిచూడు' అనే తోస్తుంది, 'ఆపు' అని కాదు.

మరి ఆపడం సరిచూడడంగా ఎలా మారింది? ఇదే అందరినీ తికమక పెట్టే మలుపు. అడ్డుకోవడం అంటే మనిషిని అడ్డుకోవడమే కానక్కర్లేదు, తప్పునీ మోసాన్నీ కూడా అడ్డుకోవచ్చు. లెక్కలో దొంగతనం జరగకుండా ఆపాలంటే ఆ లెక్కని ఇంకో లెక్కతో పోల్చి చూడాలి. ఇంగ్లండ్ నౌకాదళం ఓడరేవుల్లో 'క్లర్క్ ఆఫ్ ద చెక్' అనే ఉద్యోగి ఉండేవాడు. రోజూ పనివాళ్ళ హాజరు తీసుకోవడం అతని పని. రానివాడి పేరు మీద జీతం పోకుండా అడ్డుపడేవాడన్నమాట. ఇందులో ఆపడమూ ఉంది, సరిచూడడమూ ఉంది. రెండూ ఒకే పని అయిపోయిన చోట మాట ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జరుగుతుంది. 17వ శతాబ్దం చివరికి చెక్ అంటే 'సరిగ్గా ఉందో లేదో చూడడం' అనే అర్థం వచ్చేసింది. టికెట్ చెకింగ్, చెకప్, చెక్‌లిస్ట్, అమెరికన్లు 'సరే' అన్నట్టు పెట్టే టిక్కుని చెక్‌మార్క్ అనడం, ఫారంలో చెక్‌బాక్స్, ఇవన్నీ దాని పిల్లలే. వీటి మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు.

గళ్ళ బల్ల పాయ మాత్రం నాకు మహా ఇష్టం.

చదరంగం బల్లని పాత ఫ్రెంచిలో 'ఎస్చెకియే' అన్నారు. దాన్నుంచి ఇంగ్లీషులో చెకర్ అనే మాట వచ్చింది, గళ్ళు గళ్ళుగా ఉన్నదని అర్థం. దాన్ని కురచ చేస్తే బట్ట మీది చెక్. కాబట్టి మీ చెక్స్ చొక్కా అంటే చదరంగం బల్ల కప్పుకున్నట్టే. కార్ల పందెం ముగిసినప్పుడు ఊపే నలుపూ తెలుపూ జెండా చెకర్డ్ ఫ్లాగ్. అమెరికాలో ఆడే చెకర్స్ అనే ఆట కూడా ఆ బల్ల మీది ఆట కాబట్టే ఆ పేరు తెచ్చుకుంది. మంచీ చెడూ కలగలిసిన బతుకుని చెకర్డ్ లైఫ్ అంటారు, ఒక గడి తెలుపు, ఒక గడి నలుపు అని.

ఇక ఈ బల్ల ఖజానాకి ఎలా వెళ్ళిందో చూడండి. మొదటి హెన్రీ 1100 నుంచి 1135 దాకా ఇంగ్లండ్‌ని ఏలాడు. ఆయన కాలంలో జిల్లాల్లో రాజు తరఫున వసూళ్ళు చేసే షెరీఫులు ఏడాదికి రెండుసార్లు వచ్చి లెక్క అప్పజెప్పాలి. ఆ సభ జరిగే గళ్ళ బల్లకీ, తర్వాత ఆ సభకీ, ఇంకా తర్వాత ఆ శాఖ మొత్తానికీ ఎక్స్‌చెకర్ అనే పేరు వచ్చింది. 1130 నాటి లెక్కల చుట్ట ఇప్పటికీ ఉంది. బ్రిటన్ ఆర్థికమంత్రిని నేటికీ ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అనే పిలుస్తారు, అంటే అక్షరాలా చదరంగం బల్ల అధికారి.

ఆ బల్ల ఎలా ఉండేదో చూసినట్టు రాసి పెట్టినవాడు ఒకాయన ఉన్నాడు. ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్, 1170ల చివర్లో లాటిన్‌లో ఒక పుస్తకం మొదలుపెట్టాడు. శిష్యుడు అడుగుతాడు, గురువు చెబుతాడు, ఆ వరస. బల్ల పొడవు సుమారు పది అడుగులు, వెడల్పు ఐదు. చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు, పెట్టింది కింద పడకుండా. పైన నల్ల గుడ్డ. గుడ్డ మీద ఒక అడుగు ఎడంతోనో, జానెడు ఎడంతోనో గీతలు. గీతల మధ్య గళ్ళలో బిళ్ళలు పెట్టి లెక్క కడతారు.

బిళ్ళలు ఎందుకంటే, వాళ్ళు వాడేది రోమన్ అంకెలు, వాటిలో సున్నా లేదు. కాగితం మీద తీసివేత చేయాలంటే ప్రాణం మీదికి వస్తుంది. గళ్ళలో అయితే తేలిక. కుడివైపు చివరి వరస పెన్నీలది, తర్వాతది షిల్లింగులది, తర్వాత పౌండ్లు, ఇరవైలు, వందలు, వేలు, పదివేలు. ఊహకి ఒక లెక్క వేసుకుందాం. షెరీఫు 247 పౌండ్లు కట్టాలి. వందల గడిలో రెండు బిళ్ళలు, ఇరవైల గడిలో రెండు, పౌండ్ల గడిలో ఏడు పెడతారు. దాని కిందే అతను నిజంగా కట్టింది పేరుస్తారు. పైన ఒకటి, కింద ఒకటి, జతకట్టి తీసేస్తూ పోతే చివరికి పైన మిగిలినది బాకీ. చదువురాని షెరీఫు కూడా కళ్ళతో చూసి ఒప్పుకోవాల్సిందే. ఖాళీ గడి సున్నా పని చేసింది, సున్నా తెలియకుండానే.

ఆ పేరు ఎందుకు వచ్చిందని శిష్యుడు అడిగితే గురువు చెప్పిన జవాబు నాకు బాగా నచ్చుతుంది. బల్ల చదరంగం బల్లలా ఉంటుందని మొదట చెప్పి, అక్కడితో ఆగడు. చదరంగంలో ఇద్దరు రాజుల మధ్య పోరు ఎలా సాగుతుందో, ఈ బల్ల మీద ఖజానా అధికారికీ షెరీఫుకీ మధ్య పోరు అలాగే సాగుతుందంటాడు. ఆడిట్ కూర్చున్న గదిలో ఒక పూట ఉన్నవాళ్ళెవరైనా ఈ పోలికని కాదనరు.

అదే ఖజానాలో రసీదుగా కర్రపుల్లలు వాడేవాళ్ళు. కట్టిన సొమ్ముని పుల్ల మీద గాట్లుగా కోసేవాళ్ళు. వెయ్యి పౌండ్లకు అరచెయ్యి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక పౌండుకి పండిన బార్లీ గింజంత. తర్వాత పుల్లని నిలువునా చీల్చి, ఒక సగం కట్టినవాడికి ఇచ్చి, ఇంకో సగం ఖజానాలో ఉంచుకునేవాళ్ళు. తేడా వస్తే రెండు సగాలూ కలిపి చూడడమే. ఒక సగంలో దొంగగాటు పెడితే రెండోదాంట్లో ఉండదు కాబట్టి దొరికిపోతాడు. శతాబ్దాల తరబడి పేరుకుపోయిన ఈ పుల్లల్ని 1834లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కింద కొలిమిలో వేసి తగలబెడుతుంటే మంటలు అదుపు తప్పి పార్లమెంటు భవనమే కాలిపోయింది. ఇది చెక్ అనే మాట కథ కాదు, నాకు చెప్పకుండా ఉండబుద్ధికాలేదు. కానీ పుల్లలో సగం వెనుక ఉన్న ఆలోచన మాత్రం మన కథకి కావాలి.

ఎందుకంటే బ్యాంకు చెక్కు పుట్టింది ఆ ఆలోచన నుంచే. 18వ శతాబ్దం మొదట్లో చెక్ అంటే సొమ్ము ఇమ్మని రాసిన కాగితం కాదు. ఆ కాగితం చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలే అర, మనం కౌంటర్‌ఫాయిల్ అనేది. మోసాన్ని చెక్ చేసేది అదే కదా, అందుకని దానికి ఆ పేరు. దొంగ కాగితం వస్తే అరతో పోల్చి పట్టుకోవచ్చు. తర్వాత్తర్వాత, అర ఉన్న కాగితాన్నే చెక్ అనడం మొదలైంది. కాపలావాడి పేరు ఇంటికి వచ్చినట్టు. బ్యాంకర్‌కి 'ఫలానావారికి ఇంత సొమ్ము ఇవ్వండి' అని చీటీ రాయడం అంతకు ముందు నుంచే ఉంది. లండన్‌లో 1659 నాటి చీటీ ఒకటి మిగిలి ఉంది, 400 పౌండ్లకు. అప్పటికి దాన్ని చెక్ అనేవాళ్ళు కాదు, అంతే.

ఇక మీరడిగిన స్పెల్లింగ్. అమెరికన్లు బ్యాంకు చెక్కుని మామూలు చెక్ లాగే రాస్తారు. బ్రిటిష్ పద్ధతిలో, దాన్ని అనుసరించే చోట్ల, చివర క్యూ, యూ, ఈ అనే మూడక్షరాలు తగులుతాయి. ఎక్స్‌చెకర్ స్పెల్లింగ్‌లో ఉన్న క్యూని చూసి తెచ్చి పెట్టుకున్నది అది. డబ్బుకి సంబంధించిన మాట, ఖజానా మాట లాగా కనిపిస్తే దర్జాగా ఉంటుందనుకున్నారో ఏమో. 1882లో బ్రిటిష్ చట్టంలో చెక్కుకి నిర్వచనం రాసేనాటికి ఆ స్పెల్లింగే చట్టానికెక్కింది. ఇక్కడ జాగ్రత్త: 'చెక్కు అనే మాట ఎక్స్‌చెకర్ నుంచి వచ్చింది' అని చాలామంది రాస్తారు. వచ్చింది స్పెల్లింగ్ మాత్రమే. మాట వచ్చింది అడ్డుకోవడం అనే అరుపు పాయ నుంచి. మొదట్లో చీలిన రెండు పాయలూ మళ్ళీ కలుసుకున్న చోటు ఈ ఒక్క స్పెల్లింగే.

అర అనే అర్థం అమెరికా వెళ్ళి ఇంకా విస్తరించింది. సామాను అప్పగిస్తే ఇచ్చే బిళ్ళ చెక్, కోటు తగిలించి వెళ్తే ఇచ్చే చీటీ చెక్, హోటల్లో తిన్నాక వచ్చే బిల్లు కూడా చెక్కే. జూదంలో డబ్బుకి బదులు పెట్టే బిళ్ళల్ని చెక్స్ అన్నారు. అందుకే 19వ శతాబ్దపు అమెరికాలో 'చెక్స్ అప్పజెప్పేశాడు' అంటే చచ్చిపోయాడని. ఆట ముగించి బిళ్ళలు తిరిగి ఇచ్చేశాడు కదా. తమాషా ఏమిటంటే, ఎక్స్‌చెకర్ బల్ల మీది బిళ్ళలకూ ఈ జూదం బిళ్ళలకూ నేరుగా సంబంధం లేదు, చేసే పని మాత్రం ఒకటే.

నన్ను బోల్తా కొట్టించింది కూడా ఈ అమెరికన్ కొమ్మే. అనువాదం మొదలుపెట్టిన కొత్తలో ఒక కథలో ఒక పాత్ర, భోజనానికి పిలిచిన స్నేహితుడితో 'రెయిన్ చెక్ తీసుకుంటాను' అంటుంది. నేను 'వాన పడుతోందేమో చూసుకుని చెబుతాను' అని రాసేశాను. వాక్యం అతికినట్టు కుదిరింది కూడా, అదీ ప్రమాదం. అసలు సంగతి ఏమిటంటే, 1880ల నుంచి అమెరికాలో బేస్‌బాల్ ఆట వాన వల్ల ఆగిపోతే, టికెట్ అర చూపించి ఇంకో రోజు ఆట చూడనిచ్చేవాళ్ళు. ఆ అర పేరు రెయిన్ చెక్. దాన్నుంచి 'ఇవాళ కుదరదు, ఇంకోసారి తప్పకుండా వస్తాను' అని మర్యాదగా తప్పుకోవడానికి ఆ మాట వాడుకలోకి వచ్చింది. నా వాన తనిఖీని ప్రూఫ్ చూసే పెద్దావిడ పట్టుకుని, మార్జిన్‌లో 'బాబూ, గొడుగు కూడా ఇవ్వకపోయావా' అని రాసింది. అప్పటి నుంచి చెక్ కనిపిస్తే ముందు నేను నిజంగానే చెక్ చేస్తాను.

మీరూ అనువాదం చేసేవారైతే ఒక చిట్కా. వాక్యంలో చెక్ తగిలినప్పుడు అది అరుపు పాయా, బల్ల పాయా అని ముందు తేల్చుకోండి. అరుపు పాయ అయితే అడ్డుకోవడమా, సరిచూడడమా, చీటీయా అని చూడండి. వీటిలో ఏదో ఒకటి తప్పకుండా అతుకుతుంది. చెకర్డ్ పాస్ట్ అన్నదాన్ని 'గళ్ళ గతం' అని రాసినవాళ్ళని నేను ఎరుగుదును. 'ఒడుదొడుకుల గతం' అంటే సరిపోయేది. చెక్స్ అండ్ బ్యాలెన్సెస్‌ని 'చెక్కులు, నిల్వలు' అని రాసిన వ్యాసం కూడా ఒకటి నా చేతికొచ్చింది. అదేదో బ్యాంకు పాస్‌బుక్ గురించి అనుకుని సగం దాకా చదివాను.

మిగిలింది బయట కూర్చున్న చెక్ రిపబ్లిక్. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనబడటం వల్ల వచ్చిన అనుమానం ఇది. ఇంగ్లీషులో రాసినప్పుడు స్పెల్లింగే వేరు, అది పోలిష్ రాత పద్ధతి నుంచి వచ్చింది. ఆ మాట స్లావుల్లో ఒక జాతి పేరు. తమ మూలపురుషుడు చెఖ్ అనేవాడని వాళ్ళ పురాణగాథ చెబుతుంది. షాతోనూ చదరంగంతోనూ వాళ్ళకి ఏ సంబంధమూ లేదు. చదరంగాన్ని మాత్రం వాళ్ళు 'షాఖి' అంటారు, అందులో మన షా భేషుగ్గా ఉన్నాడు.